పదిహేడో ఎక్కం

సంక్రాంతి మర్నాడు మోటారు స్విచ్ వేద్దామని మెట్ల కింద వంగి, లేస్తూ స్లాబు అంచుకి తల కొట్టుకున్నాను. రక్తం రాలేదు, బొప్పి కూడా సరిగ్గా కట్టలేదు. సాయంత్రానికే మరిచిపోయాను.

శివరాత్రి దాటేసరికి తలనొప్పి, పగలంతా మగత. 34 ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, పాలవాడికి చిల్లర తప్పిస్తున్నాను. మా ఊరి డాక్టరు గారు కుర్చీలోంచి లేపి నడిపించనైనా లేదు. "డెబ్భైకి దగ్గరపడ్డారు, మతిమరుపు మామూలే మాస్టారూ" అని బి-కాంప్లెక్స్ రాశారు. స్టెంట్ వేశాక, రక్తం పలచబడేందుకు రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నానని చెప్పాను కూడా. తలకి దెబ్బ తగిలిందా అని అడగలేదు. అడిగినా నాకు గుర్తొచ్చేదో లేదో. అయినా కోపం పోలేదు.

పట్టుకున్నది మా మనవడు. "తాతయ్యా, నీ ఎడం చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోయింది." చెప్పు జారిన సంగతే నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే విశాఖలో సీటీ స్కాన్. కుడివైపు మెదడుకీ దాని పైపొరకీ మధ్య పాత రక్తం. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి, పైనున్న సన్నని సిరలు సాగి ఉంటాయట. చిన్న దెబ్బకే చిట్లి, వారాల తరబడి ఊరుతుందట. మా డాక్టరు గారు వయసు అన్నది నిజమే, కాకపోతే అక్కడితో ఆపేశారు.

పుర్రెకి రెండు చిల్లులు పెట్టి తోడేశారు. ఇంజనాయిల్‌లా ఉందట. రెండు రోజులు పైపు ఉంచారు.

ఆ మొదటి రాత్రి తల ఎత్తకూడదన్నారు. నిద్రపట్టక, బుర్ర పని చేస్తోందో లేదోనని ఎక్కాలు మొదలెట్టాను. పదిహేడార్లు నూట రెండు... తర్వాత? రాలేదు. ఎంతకీ రాలేదు. మళ్ళీ రక్తం చేరుతోందనుకుని, చెమటలు పట్టి బెల్లు నొక్కాను. నర్సమ్మ కళ్ళలో టార్చి వేసి, రెండు చేతులూ ఎత్తించి చూసి, "పదిహేడేళ్ళు నాకూ రాదు సార్, పడుకోండి" అంది. ఆ పిల్లకి జన్మంతా రుణపడి ఉంటాను. తెల్లవారుజామున, కాఫీ కప్పుల చప్పుడు వింటుంటే దానంతటదే వచ్చింది: నూట పంతొమ్మిది.

మా ఆవిడ సింహాచలం అప్పన్నకి నా తలనీలాలు మొక్కుకుంది. ఆస్పత్రివాళ్ళు ముందే గుండు గీసేశారు కాబట్టి ఆ బాకీ అలాగే ఉంది. మళ్ళీ చేరొచ్చని తీసిన రెండో స్కాన్ శుభ్రంగా వచ్చింది. మీ ఇంట్లో రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్ళు కాలు ఈడుస్తుంటే, ఆలస్యం చేయకుండా స్కాన్ తీయించండి.

స్లాబు అంచుకి ఇప్పుడు పాత దిండు కట్టి ఉంది. ముడి మనవడిదే, రెండుసార్లు ఊడిపోయింది.