చిగుళ్ల దగ్గర పచ్చని జీర

గురువారం, రాత్రి పదిన్నర

పొద్దున మా కట్టుడు పళ్ల ల్యాబ్‌కి వెళ్లేసరికి నా టేబుల్ మీద వెనక్కొచ్చిన డబ్బా ఉంది. ముందు పళ్ల బ్రిడ్జి, అంటే ఒకదానికొకటి అతికిన కట్టుడు పళ్లు, మూడు. షేడ్ ఏ1, బాగా లేత రంగు. ట్యూబ్‌లైటు కింద బాగానే అనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే, హిమాయత్‌నగర్ సందులోకి దిగే ఆ కాస్త వెలుతురులో చిగుళ్ల వైపు పసుపూ ఆకుపచ్చా కలిసిన జీర బయటపడింది. పెట్టించుకోవాల్సినావిడ టీచరు. రోజంతా పిల్లల ముందు మాట్లాడే మనిషి. నాకు మనసంతా ఏదోలా అయిపోయింది.

సెరామిక్ కింద ఉండే దీని మెటల్ మేం మామూలుగా వాడేది కాదు, పెలేడియం-వెండి. డాక్టరుగారు అడిగారని చేశాం. కాల్చేటప్పుడు వెండి సెరామిక్‌లోకి పాకి రంగు తేలుతుంది. లేత షేడ్లలో మరీ కనపడుతుంది. అంచు దగ్గర సెరామిక్ పలచన కాబట్టి జీర అక్కడే వచ్చింది. ఇంతవరకు అర్థమైంది.

అర్థం కానిది, నిన్న కాల్చిన నికెల్-క్రోమ్ క్యాప్ కూడా పసుపు తిరగడం. దాంట్లో వెండే ఉండదు!

"అన్నా, సెరామిక్ పౌడరు పాడైందేమో, కొత్త సీసా తీద్దామా?" అన్నాడు మా కుర్రాడు. నా అనుమానమూ ముందు అటే పోయింది. మెటల్ రంగు కనపడకుండా వేసే ఒపేక్ పూత పలచబడితే బూడిద రంగు కొడుతుంది. వాక్యూమ్ సరిగా లేకపోతే బుడగలు నిలిచి మసకగా వస్తుంది. ఇది ఆ రెండూ కాదు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా, మెటలేమీ లేకుండా క్లియర్ పౌడరుతో చిన్న బిళ్ల చేసి కాల్చాం. గాజులా రావాల్సింది లేత పసుపుగా వచ్చింది. దోషం ఫర్నేస్‌లోనే ఉంది. బ్రిడ్జి కాల్చినప్పుడు లేచిన వెండి ఆవిరి లోపలి గోడలకి పట్టేసి, ఆ తర్వాత ఎవరి పన్ను పెట్టినా దానికి అంటుకుంటోంది.

ఆ వెండిని వదిలించడానికి లోపల కార్బన్ దిమ్మ పెట్టి ఎక్కువ వేడిలో ఖాళీగా నడిపాం. ఒకసారికి పోలేదు. రెండోసారి తర్వాత, ఏడింటికి, ఇంకో బిళ్ల తీశాం. కుర్రాడు దాన్ని సెల్‌ఫోన్ లైటుకి పట్టుకుని "నీళ్లలా ఉందన్నా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆకలి.

డాక్టరుగారికి ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పాను. బ్రిడ్జి మొత్తం మళ్లీ చేస్తామని, వెండి లేని మెటల్‌తో చేయనివ్వమని అడిగితే ఒప్పుకున్నారు. టీచరుగారిని సోమవారం రమ్మంటారట. నిన్నటి క్యాపూ మళ్లీ చేయాల్సిందే.

ఫర్నేస్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: వెండి ఉన్న మెటల్ ఇందులో పెట్టొద్దు. రేపు పొద్దున్నే వెళ్లి బ్రిడ్జికి మైనం పని మొదలుపెట్టాలి.