మా అమ్మ మోసిన నింద

కంటి లోపలి పొరలో చేరిన నీరు తగ్గి, పేపరులోని అక్షరాలు మళ్ళీ నిలకడగా కనిపిస్తున్నాయి కనుక ఇప్పుడిది రాయగలుగుతున్నాను. నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా, కంటి వెనుక పొర (రెటీనా) క్రమంగా చెడిపోయే వంశపారంపర్య జబ్బు. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ఈ జబ్బులో ముందుగా నశిస్తాయి. నా చిన్ననాటి రేచీకటికి ఇంట్లో పొన్నగంటి కూర, మునగాకు, మేక కార్జం ఎన్ని పెట్టినా గుణం కనిపించలేదు.

ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం రాత్రివేళ వెన్నెలలో జరుగుతుంది. ఒక ఏడాది అక్కడి నుంచి తిరిగి వస్తుండగా తోపులాటలో నా భార్య చేయి జారిపోయింది. అందరికీ దారి చూపిన ఆ వెన్నెల నాకు అక్కరకు రాలేదు. దూరాన దీపాలు చుక్కల్లా కనిపిస్తున్నాయే తప్ప కాళ్ళ ముందు మెట్టుందో గుంత ఉందో తెలియక, పందిరి గుంజను రెండు చేతులా పట్టుకొని, దానికి చుట్టిన కొబ్బరితాడు పీచు అరచేతుల్లో గుచ్చుకుంటున్నా వదలక, ఆమె గొంతు వినిపించేదాకా రామనామం జపిస్తూ నిలబడ్డాను.

కొన్నాళ్ళకు పగటి చదువు కూడా మసకబారింది. కడపలో ఒక డాక్టరు తల ఎత్తకుండానే, “మేనరికం చేసుకుంటే ఇంతే, ఇక కర్ర కొనుక్కోండి” అన్నారు. పక్కనే మా అమ్మ ఉంది. మేనమామను పెళ్ళాడిన ఆమె, కడుపుతో ఉండగా గ్రహణం చూసిందన్న నిందను అప్పటికే జీవితమంతా మోసింది. ఆ డాక్టరు మాటను నేను క్షమించలేదు.

హైదరాబాదులో చూసిన డాక్టరమ్మకు మాత్రం రుణపడి ఉన్నాను. పోయిన రాడ్ కణాలు తిరిగి రావనీ, చదివే చూపునిచ్చే రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో చేరిన నీటిని మాత్రం తగ్గించవచ్చనీ చెప్పి డోర్జోలమైడ్ చుక్కలు రాశారు. అవి పనిచేశాయి. తర్వాత మా వంశవృక్షం గీయించారు: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, రక్తసంబంధపు పెళ్ళికి జంట గీత. మా కాగితం నిండా జంట గీతలే. 1990లో రోడాప్సిన్ (రాడ్ కణాల్లో వెలుతురును పట్టే ప్రోటీన్) జన్యులోపం బయటపడినప్పటి నుంచి ఈ జబ్బుకు మూలమైన జన్యువులు పదుల సంఖ్యలో దొరికాయట. నా రక్తపరీక్షలో వాటిలో ఒక జన్యువుకు లోపమున్న ప్రతులు రెండు తేలాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక్క ప్రతే ఉన్నందున వాళ్ళిద్దరికీ చూపు చెడలేదు. అంతా విని అమ్మ, “అయితే గ్రహణం వల్ల కాదా నాయనా?” అని అడిగింది. కాదని డాక్టరమ్మే ఆమె చేయి పట్టుకొని చెప్పారు.

ఇప్పుడు మా చెల్లెలు తన కూతురిని మా అబ్బాయికి ఇస్తానంటోంది. వాడిలో లోపమున్న ప్రతి ఒకటి తప్పక ఉంటుంది. ఆ పిల్లలోనూ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పరీక్ష ఫలితం రాకుండా తాంబూలాలు పుచ్చుకోనని చెప్పాను. చెల్లెలు అలిగింది. అమ్మ మాత్రం నా పక్షాన నిలిచి, మనవరాలి పరీక్షకయ్యే ఖర్చు తన పింఛను డబ్బులోంచి ఇస్తానంటోంది.