తేదీ ఎవరు చెప్పాలి

పప్పులో ఉప్పు తక్కువైందన్నా, చారు పలచనైందన్నా నేను పట్టించుకోనని మీకు తెలుసు. కానీ ఈ రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్న మాట మాత్రం ఇంకా అరగలేదు.

టీవీలో క్లేటన్ కెర్షా గురించి ఏదో చూపిస్తున్నారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. పద్దెనిమిది సీజన్లు ఒకే జట్టుకు ఆడి, 37 ఏళ్ల వయసులో 2025తో ఆట చాలించినవాడు. ఆ కబురు చెప్పిన రోజున మైకు ముందు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఈయన పెరుగు కలుపుకుంటూ, "వందల కోట్లు వెనకేసుకున్నవాడికి ఏడుపెందుకు? నాకిస్తే నేను రేపే నవ్వుతూ మానేస్తాను" అన్నారు. చిన్నవాడు పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నవ్వినందుకు వాడి మీద కూడా.

మానేస్తారట! సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్న రోజు కూడా గంటకోసారి ల్యాప్‌టాప్ తెరిచి చూసే మనిషి. అన్నట్టు, కెర్షా రెగ్యులర్ సీజనులో ఆఖరిసారి బంతి విసిరింది ఇక్కడే, మన సియాటెల్‌లోనే, సెప్టెంబరు 28న. వెళ్దామని నేనంటే కారు సర్వీసింగుకు ఇవ్వాలన్నారు. ఆదివారం పూట! ప్రత్యర్థి జట్టు ఊళ్లో జనమంతా లేచి నిలబడి అతనికి చప్పట్లు కొడుతుంటే నేను ఫోనులో చూశాను. ఆ లెక్క వేరే ఉంది, మరోసారి రాస్తాను.

అప్పుడే ఏదో ఒకటి అనాల్సింది. ఏమనాలో ఇప్పుడు తోస్తోంది, వినాల్సిన మనిషి గుర్రు పెడుతున్నారు. మీరు దొరికారు.

మన సియాటెల్ జట్టు మెరైనర్స్‌కు ఆడిన జపాను ఆటగాడు ఇచిరో సుజుకి ఆఖరి ఆట నాటి సంగతి ఎప్పుడూ పూర్తిగా రాయలేదనుకుంటాను. 2019 మార్చి 21. టోక్యోలో సాయంత్రం ఆరున్నర దాటాక మొదలైన ఆట మనకు తెల్లవారుజామున రెండున్నరకు పడింది. అలారం పెట్టుకుని, ఎవరికీ నిద్రాభంగం కాకూడదని చీకట్లో తడుముకుంటూ హాల్లోకి వస్తే సోఫాలో మామయ్యగారు కూర్చుని ఉన్నారు. ఇండియా నుంచి వచ్చి నాలుగు రోజులైనా కాలేదు, ఆయనకు అది పట్టపగలు. "టీవీ పెట్టుకో అమ్మా, నేనూ చూస్తాను" అన్నారు. ఆయనకు బేస్‌బాల్ తెలియదు. ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవారు కాబట్టి ఏదీ తెలియకుండా చూడటం కుదరదు. మూడు స్ట్రైకులు ఏమిటి, నాలుగు బాల్స్ ఏమిటి, ఇతనెందుకు పరుగెత్తాడు, అతనెందుకు పరుగెత్తలేదు. కాఫీ కలుపుతూ చెప్పాను.

ఇచిరోకు అప్పుడు 45. 2001లో జపాను నుంచి మెరైనర్స్‌కు వచ్చాడు. 2004లో ఒక్క సీజనులో 262 హిట్లు (బంతిని కొట్టి ఔటవకుండా బేసు చేరితే ఒక హిట్టు) కొట్టి, 1920 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న జార్జ్ సిస్లర్ రికార్డును దాటేశాడు. అమెరికాలో మొత్తం 3,089 హిట్లు, అంతకు ముందు జపానులో 1,278. మామయ్యగారు నోటితోనే కూడేసి "నాలుగు వేల మూడు వందల అరవై ఏడు" అన్నారు, నేను కప్పు కింద పెట్టేలోపే. తర్వాత అడిగారు: "మరి ఇవాళ ఒక్కటీ కొట్టడం లేదే, ఇంత గోల ఎందుకు చేస్తున్నారు?"

నిజమే, ఒక్కటీ కొట్టలేదు. రెండు రోజుల్లో రెండాటలు ఆడి ఒక్క హిట్టూ లేదు. అంతకు ముందు, సీజను మొదలవక మునుపు జరిగే స్ప్రింగ్ ట్రైనింగులోనూ హిట్టు పడటం గగనమైంది. ఆట మధ్యలోనే, ఇదే ఆఖరిదన్న వార్త బయటికి పొక్కింది. ఇక టోక్యో డోములో ఉన్న 46 వేల మందికి స్కోరుతో పని లేకపోయింది. ఎనిమిదో ఇన్నింగ్సులో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డరు వైపు కొట్టి, ఆ వయసులోనూ ప్రాణం పెట్టి పరుగెత్తి, వెంట్రుకవాసిలో ఔటయ్యాడు. తర్వాత రైట్ ఫీల్డుకు వెళ్లి నిలబడ్డాక మేనేజరు వెనక్కి పిలిచాడు. నడిచి వస్తుంటే డగౌట్ దగ్గర వరసగా అందరూ కౌగిలించుకున్నారు. ఆ రోజు ఆట మొదలుపెట్టిన కుర్ర పిచ్చర్ యుసేయ్ కికుచి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇచిరో ఏడవలేదు. నేను ఏడ్చాను. మామయ్యగారు అటు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆట పన్నెండు ఇన్నింగ్సుల దాకా సాగింది, మనవాళ్లే గెలిచారు. అది అయిపోయినా జనం కదలలేదు. పేరు పట్టి పిలుస్తూనే ఉన్నారు. అతను మళ్లీ మైదానంలోకి వచ్చి చుట్టూ తిరిగి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత అక్కడ అర్ధరాత్రి విలేకరుల సమావేశం. యాభై ఏళ్ల దాకా ఆడాలనుకున్నానని, కుదరలేదని చెప్పాడు. అప్పటికి మాకు తెల్లారి, ఈయన లేచి, "ఏమిటి ఇద్దరూ ఇలా కూర్చున్నారు?" అని అడిగారు.

మామయ్యగారు నన్ను రెండు ప్రశ్నలు వేశారు. మొదటిది, పెన్షను వస్తుందా అని. రిటైరైన మేష్టారు ఇంకేమడుగుతారు! వస్తుంది, ఇతనికి కావలసినంత. వెతికి చూస్తే తెలిసిందేమిటంటే, అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై మెట్టయిన మేజర్ లీగులో 43 రోజుల సర్వీసు ఉంటే చాలు, ఎంతో కొంత పెన్షనుకు అర్హత వస్తుంది. వాళ్ల లెక్కలో ఏడాదంటే 172 రోజులు, పదేళ్లు నిండితే పూర్తి పెన్షను. ఈ 43 రోజుల ఏర్పాటు 1980లో వచ్చింది. అంతకు ముందు ఆడినవాళ్లకు నాలుగేళ్లు ఉండాలి. మూడున్నరేళ్లు ఆడి భుజం పోగొట్టుకుని ఇంటికి వెళ్లినవాడికి పెన్షనంటూ లేదు. 2011లో గానీ వాళ్లకు ఏటా ఇంత అని కొంత డబ్బు ఇవ్వడం మొదలుపెట్టలేదు. వందల కోట్లంటూ మాట్లాడేవాళ్లు ఈ ముసలివాళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి. అసలు మేజర్ లీగు గడపే తొక్కకుండా, మార్చి నెలలో ఒక ఉదయం ఆఫీసు గదిలోకి పిలిచి జట్టులో చోటు లేదని చెబితే, సంచీ సర్దుకుని వెళ్లిపోయే కుర్రాళ్లు ఎంతమందో. వాళ్లు రిటైరయ్యారని ఎవరూ అనరు.

రెండో ప్రశ్న: "ఈయనకు తేదీ ఎవరు చెప్పారమ్మా?"

తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన రోజునే పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరులో ఎక్కింది, ఆ రోజే 58 నిండే నెల కూడా ఖాయమైపోయింది. "మాకు చేరిన రోజే వెళ్లే రోజు తెలుసు. అందుకే దండ వేస్తే వేయించుకున్నాను, శాలువా కప్పితే కప్పించుకున్నాను. ఎవరి మీదా కోపం లేదు" అన్నారు. ఆయన అన్నది నాకు అప్పుడు పూర్తిగా ఎక్కలేదు. ఆటగాడికి ఆ రిజిస్టరు లేదు. తేదీ తనే తేల్చుకోవాలి, లేకపోతే ఇంకెవరో తేల్చేస్తారు. తేల్చుకోవడం తెలిసినవాళ్లు తక్కువ.

మన మెరైనర్స్‌కే ఆడిన కెన్ గ్రిఫీ జూనియర్ సంగతే చూడండి. 630 హోమ్ రన్లు, మన క్రికెట్ సిక్సర్ల లాంటివి. 2009 చివరి రోజున తోటి ఆటగాళ్లు భుజాల మీద ఎక్కించుకుని మైదానమంతా ఊరేగించారు. అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! ఇంకో ఏడాదికి వచ్చాడు. ఒక్క హోమ్ రన్ లేదు, లాకర్ రూములో కునుకు తీస్తున్నాడని పత్రికల్లో రాతలు. 2010 జూన్ 2న కారెక్కి ఫ్లోరిడాలోని ఇంటికి బయలుదేరాడు. ఆ సాయంత్రం ఆటకు ముందు అతని ప్రకటన చదివి వినిపించారు, అంతే. మేమప్పుడు రెంటన్ అపార్టుమెంటులో ఉండేవాళ్లం, ఆ కబురు నేను రేడియోలో విన్నాను. చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్లు చూసిన జనానికి ఒక్క నమస్కారం లేదా అని.

తర్వాత నా కోపం దిక్కు మార్చుకుంది. 2013లో న్యూయార్క్ యాంకీస్ పిచ్చర్ మరియానో రివేరా, ఇదే ఆఖరి సీజనని ముందే చెప్పి ఆడాడు. వెళ్లిన ఊరల్లా సన్మానమే. మినెసోటా వాళ్లు విరిగిన బ్యాట్లతో ఊగుడు కుర్చీ చేయించి ఇచ్చారు. అతని బంతులకు విరిగిన బ్యాట్లు అన్నన్ని కాబట్టి అదైనా చమత్కారం అనుకోవచ్చు. మరుసటి ఏడు అదే జట్టులోని డెరెక్ జీటర్ వంతు. టాంపా వాళ్లు అతనికి పడవ ఇచ్చారు. పడవ! మన దగ్గర జ్ఞాపికలు అటక మీదికి చేరినట్టు ఆ పడవ ఏ షెడ్డుకు చేరిందో. ఆట మొదలయ్యే ముందు అరగంట ఉపన్యాసాలు, ఎదుటి జట్టు కూడా చప్పట్లు కొట్టాలి, టీవీ వాళ్లకు ప్రకటనలు. చూసి చూసి, చెప్పాపెట్టకుండా కారెక్కిన గ్రిఫీయే పెద్దమనిషి అనిపించింది. మన లక్ష్మణ్ గుర్తొచ్చాడు. 2012 ఆగస్టులో న్యూజిలాండ్‌తో టెస్టుకు జట్టులో పేరుంది, ఆడేది సొంత ఊరు ఉప్పల్లో. దండలన్నీ సిద్ధంగా ఉంటాయి. ఆ ఆటకు అయిదు రోజుల ముందు ఇక చాలని చెప్పేశాడు.

రాస్తుంటే ఇప్పుడు తోస్తోంది, ఇచిరోది మాత్రం ఏర్పాటు చేసింది కాదా? 2018 మేలోనే క్లబ్బు అతన్ని ఆటలోంచి తప్పించి సలహాదారు పదవిలో కూర్చోబెట్టింది. టోక్యో ఆటలకు జట్లు మామూలు కంటే ఎక్కువ మందిని తీసుకెళ్లొచ్చు కాబట్టి అతనికి చోటు దొరికింది. హిట్టు లేని 45 ఏళ్ల మనిషిని సొంత దేశంలో బరిలోకి దింపారంటే అది సన్మాన సభ కాక ఇంకేమిటి? పడవను తిట్టినదాన్ని, దీనికి ఏడుస్తూ కూర్చున్నాను. ఏడ్చింది మంచికే. ఆ తెల్లవారుజాము లేకపోతే నాకేం మిగిలేది? గ్రిఫీ నాడు దక్కనిది అది. సన్మానం వెళ్లేవాడికి కాదేమో, ఉండిపోయేవాళ్లకేమో. అయితే మరి లక్ష్మణ్ చేసింది తప్పా? తప్పనడానికి నోరు రావడం లేదు. సరే, వదిలేయండి.

డబ్బు దగ్గరికి వస్తే, ఈయనకు ఇష్టమైన ఆటగాడు బాబీ బొనియా. ఆట మానేసింది 2001లో, మెట్స్ జట్టు నుంచి ఇప్పటికీ ఏటా జులై ఒకటిన దాదాపు పన్నెండు లక్షల డాలర్లు అందుకుంటున్నాడు, 2035 దాకా. ఒప్పందం అంటే అదీ అంటారు ఈయన. నాకు గిల్ మెష్ నచ్చుతాడు. మొదట మెరైనర్స్ పిచ్చరే, తర్వాత కాన్సస్ సిటీకి వెళ్లాడు. భుజం పోయింది. ఇంకో ఏడాది పేరుకు జట్టులో ఉంటే చాలు, కోటీ ఇరవై లక్షల డాలర్లు చేతికొస్తాయి. 2011 జనవరిలో రిటైరవుతున్నానని చెప్పి ఆ డబ్బు వదిలేసి వెళ్లిపోయాడు. ఉపన్యాసం లేదు, కుర్చీ లేదు.

ఇచిరో సంగతి ఒకటి మిగిలింది, అది తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత ఏడిపించి వెళ్లినవాడు ఆ డిసెంబరులోనే జపానులో ఒక స్కూలు ఉపాధ్యాయుల జట్టు మీద పిచ్చరుగా దిగాడు. తొమ్మిది ఇన్నింగ్సులూ తనే, 131 బంతులు, పదహారు మందిని మూడేసి స్ట్రైకులతో ఔట్ చేసి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. పాపం ఆ మేష్టార్లు! ఇక్కడ సియాటెల్‌లో ఆటలకు ముందు యూనిఫాం వేసుకుని కుర్రాళ్లతో బంతులు పట్టేవాడు. 2025లో కూపర్స్‌టౌన్‌కు, అంటే బేస్‌బాల్ మహామహుల హాల్ ఆఫ్ ఫేమ్‌కు, ఎన్నికైనప్పుడు 394 ఓట్లలో ఒక్కటే తక్కువైంది. ఆ ఒక్క మహానుభావుడెవరో ఇంకా బయటపడలేదు.

ఇదంతా పోయిన వారం ఫోనులో మామయ్యగారికి చెప్పాను. మేష్టార్లను ఔట్ చేసిన దగ్గర బాగా నవ్వారు. నవ్వి, "అయితే అది రిటైర్మెంటు కాదమ్మా, బదిలీ" అన్నారు. ఉత్తర్వులు ఎవరిచ్చారని అడగబోయేలోపు ఫోను అత్తయ్యగారి చేతికి వెళ్లింది, ఆవకాయ అందిందా లేదా అని మొదలుపెట్టారు.