మా తొమ్మిదో తరగతి వాడికి బీపీ: నా అనుభవం

పద్నాలుగేళ్ల పిల్లాడికి బీపీ ఏంటండీ అని మీరూ అంటారు, మా చుట్టాలందరూ అన్నారు. జ్వరం వచ్చిందని మా వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడి సిస్టర్ చూసి 144/92 అంది. డాక్టరు గారు రెండోసారి చూడకుండానే మాత్ర రాసిచ్చారు. కొనబోయే ముందు మా తమ్ముడికి ఫోన్ చేస్తే, వాడు మెడికల్ లైన్లోనే ఉన్నాడు లెండి, "అక్కా, అదీ జ్వరంలో, ఒక్కసారి చూసి మాత్ర మొదలుపెట్టరు, పిల్లల డాక్టరుకి చూపించు" అన్నాడు.

పిల్లల డాక్టరు గారు మొట్టమొదట టేపు తీసి వాడి జబ్బ కొలిచారు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, 35 సెంటీమీటర్లు. బీపీ పట్టీ లోపల గాలి నిండే సంచీ ఉంటుంది కదా, అది చేతి చుట్టూ కనీసం 80 శాతం రావాలట. మామూలు పట్టీ అంత లావు చేతికి చాలదు, చాలనిది లాగి కడితే ఉన్న బీపీ కంటే ఎక్కువ చూపిస్తుంది. బీరువాలోంచి పెద్ద పట్టీ తీయించి, వాణ్ణి కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకి తగిలేట్టు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, అప్పుడు కుడి చేతికి చూశారు. 136/84. తగ్గింది గానీ పోలేదు.

13 నిండిన పిల్లలకి పెద్దవాళ్ల లెక్కే అట, 130/80 నుంచి బీపీ కిందే జమ, పై నంబరు 120 నుంచి 129 అయితే కనిపెట్టి చూస్తూ ఉండాలి. అంతకంటే చిన్నపిల్లలకి ఒకే నంబరు ఉండదు, వయసు, ఎత్తు, ఆడా మగా అన్నీ పట్టికలో చూసి చెప్పాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన లెక్కలు ఇవి, మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకీ ఏడాదికోసారి బీపీ చూడమని కూడా అందులోనే ఉంది. టీకాలకీ దగ్గులకీ ఎన్ని ఆసుపత్రులు తిరిగామో, మా వాడి చేతికి పట్టీ కట్టిన వాళ్లు అంతకుముందు ఒక్కరూ లేరు.

వేరే వేరే రోజుల్లో మళ్లీ చూశారు, ప్రతిసారీ 130 పైనే. కాలికి కూడా బీపీ చూశారు. గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళం ఎక్కడైనా సన్నబడితే చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ వస్తుందట, మా వాడికి అలా లేదు. మూత్రం, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగరు, లివర్ పరీక్షలు చేయించారు. కిడ్నీ బాగానే ఉంది, షుగరు గీత దగ్గర ఉంది. ఎత్తు 165, బరువు 84 కిలోలు, అంటే బీఎంఐ, ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, దాదాపు 31. మన పిల్లలకి ఇండియన్ చార్టులో, పెద్దవాళ్ల 27కి సమానమని గీసిన గీత దాటితే ఊబకాయమే. మెడ వెనక నల్లటి మందపాటి చార ఉంటే మా అత్తయ్య మట్టి అనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్ది రుద్ది వదిలేది, పాపం వాడు కేకలు. అది మట్టి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదని చెప్పే గుర్తు.

తర్వాత 24 గంటల బీపీ మిషన్ పెట్టారు. నడుముకి చిన్న పెట్టె, చేతికి పట్టీ, పగలు ఇరవై నిమిషాలకోసారి గుర్రుమని బిగుసుకుంటుంది, బిగిసినప్పుడల్లా చెయ్యి కదపకూడదు. ట్యూషన్‌లో అది మోగినప్పుడల్లా క్లాసంతా నవ్వులు, మా వాడు మాత్రం బాంబు పెట్టారని చెప్పి హీరో అయిపోయాడు. నిద్రలో బీపీ కనీసం పది శాతం పడాలి, వీడికి పడలేదు. "గురక పెడతాడా?" అని అడిగారు. పెట్టకేం, పక్క గదిలోకి వినిపిస్తుంది. వాళ్ల నాన్నకీ ఉందిలే అని మేం నవ్వుకునే గురక అది. ఈఎన్‌టీకి పంపితే ముక్కు వెనక ఎడినాయిడ్స్ అనే కండ వాచి ఉందని స్ప్రే ఇచ్చారు, దానికి తోడు లావు వల్ల నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందట.

మాత్ర ఇవ్వలేదు, ముందు ఆరు నెలలు తిండీ ఆటా చూద్దాం అన్నారు. బరువు తగ్గించమని కూడా అనలేదు, ఇంకా ఎదిగే వయసు, పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు పెరిగి సర్దుకుంటుంది అన్నారు. నాకు సగం టెన్షన్ ఆ మాటతోనే తగ్గింది.

డైటీషియన్ మూడు రోజులు తిన్నది రాసి తెమ్మంది. రాశాక చూస్తే బిర్యానీ కంటే ఉప్పే ఎక్కువ భయపెట్టింది. రోజుకి పెద్దవాళ్లకే 5 గ్రాములు మించకూడదు, అంటే చెంచాడు. మాది గుంటూరు, ఆవకాయ లేకుండా ముద్ద దిగదు, పప్పులోకి అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, సాయంత్రం బ్రాడీపేటలో ట్యూషన్ అవ్వగానే మిరపకాయ బజ్జీ. ప్యాకెట్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు, 400 మిల్లీగ్రాములు అంటే ఒక గ్రాము ఉప్పు అని లెక్క వేసుకోవాలి. నూడుల్స్ ప్యాకెట్ వెనక చదివి వాడే పక్కన పెట్టేశాడు, నేను చెప్తే వినేవాడు కాదు.

గొడవ అత్తయ్యతో వచ్చింది. "పెరిగే పిల్లాడి నోరు కడతావేంటమ్మా" అని ఆవిడ, చాటుగా జంతికలు. ఆవిడకీ బీపీ ఉంది కాబట్టి డాక్టరు గారి చేతే చెప్పించాను, ఇంట్లో ఒక్కడికి వేరే వంట పెడితే ఎవరూ నిలబడరు, వండితే అందరికీ అదే అని. ఇప్పుడు పచ్చడి జాడీ టేబుల్ మీద లేదు, ఆదివారం మాత్రం బయటికి వస్తుంది, అంతకుమించి నా వల్ల కాలేదు. స్కూల్లో ఆటల పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉంటుంది, లెక్కల సారు తీసేసుకుంటారు. అడిగాను, తొమ్మిదో తరగతి కదమ్మా అన్నారు. అందుకని పొద్దున్నే వాళ్ల నాన్న షటిల్‌కి లాక్కెళ్తున్నారు. పరీక్షలప్పుడు ఆగిపోయింది, మళ్లీ మొదలైంది.

ఆరు నెలలకి ఎత్తు 168, బరువు 83, పెద్ద పట్టీతో బీపీ 126/78. గురక తగ్గింది, మెడ నలుపు అలాగే ఉంది. మాత్ర ఇప్పటికి అక్కర్లేదు, వేసవి సెలవుల్లో 24 గంటల మిషన్ మళ్లీ పెడతారు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఇప్పుడు వాడే ముందు అడుగుతున్నాడు, "సిస్టర్, పెద్ద పట్టీ ఉందా?" అని. చాలా చోట్ల లేదు.