పులుసు గిన్నెకేనా, బోటు వైరుకీ కళాయి కావాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తూర్పు తీరంలో వేట నిషేధం. నాకు చేతినిండా పని ఉండేది ఆ 61 రోజులే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఆగిపోయాక వడ్రంగులు, రంగులేసేవాళ్లు, ఇంజన్ మెకానిక్కులు దిగుతారు. వాళ్ల మధ్యలో వైర్ల చుట్ట భుజాన వేసుకుని నేనూ తిరుగుతుంటాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.

ఈసారి మొదటి బోటు ఎక్కగానే ఓనరు, "తమ్ముడూ, అడుగు నీళ్లు తోడే పంపు పోయింది. కొత్తది తెచ్చాను, బిగించెయ్" అన్నాడు. బిగించే ముందు పాత పంపును విప్పి నేరుగా బ్యాటరీకి కలిపాను. గిర్రున తిరిగింది! మరి తప్పెవరిది? వైరు చివర తొడుగు ఒలిచి చూశాను. రాగి నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే పొడిలా రాలింది. జానెడు కోసి మళ్లీ ఒలిచాను. నలుపే. మూరెడు పోయాక కూడా ఎర్ర రాగి కనబడలేదు. పైతొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. చూసేవాడికి అనుమానం ఎలా వస్తుంది?

తెరిచి ఉన్న చివర మీద ఉప్పునీళ్లు పడితే చాలు. ఒత్తి నూనె పీల్చుకున్నట్టు పోగుల సందుల్లోంచి నీరు లోపలికి పాకుతుంది. పాకిన మేరా రాగికి చిలుము పడుతుంది. పంపుకి చేరాల్సిన కరెంటుకి దారిలోనే అడ్డు తగులుతుంది, అతుకులు వేడెక్కుతాయి. నడిసముద్రంలో నీళ్లు చేరుతున్నప్పుడు ఆ పంపు మూలుగుతూ తిరిగితే లోపలున్నది ఏడెనిమిది ప్రాణాలు. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను.

మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెలో పులుసు కాచేది. కళాయి పోయిందంటే, కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చేదాకా ఆ గిన్నె పొయ్యి ఎక్కేది కాదు. బోటు వైరులోనూ అంతే, ఒక్కో పోగుకీ తగరం పూత ఉండాలి. కొట్లో 'టిన్డ్ కాపర్' అని అడగాలి. అడిగి ఊరుకోకుండా, చివర ఒలిచి బ్లేడుతో గీకి చూడండి. పైన తెలుపు, లోన ఎరుపు అయితే కళాయి రాగి. పైన ఎరుపు, లోన తెలుపు అయితే అది రాగి పూసిన అల్యూమినియం. దాన్ని బోటులోకి రానివ్వకండి.

"ఇంటికేసేదీ రాగే కదా" అన్నాడు ఓనరు. రాగే. గోడలో, పైపులో కదలకుండా ఉన్నంతకాలం అది మంచి వైరే. బోటులో ఇంజన్ అదురు ఒక్క క్షణం ఊరుకోనివ్వదు. పోగులు సన్నగా, ఎక్కువగా ఉంటేనే ఆ అదురుకి తెగవు. ఇంటి వైరు మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలకి చేసింది. ఇంజన్ గది వేడికీ డీజిల్‌కీ తట్టుకోవాలంటే 105 డిగ్రీల తొడుగున్న మెరైన్ వైరే వేయాలి.

ఇక మందం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ బోటులో బ్యాటరీ నుంచి పంపుకి 6 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి 12 మీటర్ల లెక్క. పంపు 8 ఆంపియర్లు లాగుతుంది. పాత వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లు. అది కొత్తదిగా ఉన్న రోజున కూడా 12 వోల్టుల్లో వోల్టు పైనే దారిలో పోయేది, అంటే తొమ్మిది శాతం. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణంలో ఇలాంటి ముఖ్యమైన వాటికి 3 శాతమే హద్దు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసినా హద్దు కాస్త దాటుతుంది. 6 వేస్తే రెండు శాతం చిల్లర. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 12లో పోతే పంపుకే తెలుస్తుంది.

ఎంత మంచి వైరైనా చివర మెలితిప్పి టేపు చుడితే డబ్బు సముద్రంలో వేసినట్టే. వైరు చివరకి కళాయి పూసిన లగ్గు, అంటే బిగించే లోహపు తొడుగు పెట్టి, క్రింపింగ్ టూలుతో నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేస్తాను. జిగురు కరిగి అంచులో కొద్దిగా బయటికి కనిపించాలి, అప్పుడే నీటికి దారి మూసుకున్నట్టు. ఉత్త సోల్డరింగ్‌ని నమ్మను. సీసం పాకినంత మేరా వైరు కర్రలా బిగుసుకుని, అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం దాటనివ్వను.

వైరు ధర విని ఓనరు కాసేపు మాట్లాడలేదు. కోసిన మూరెడు నల్ల వైరు ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో నలిపి చూసుకుని, మధ్యాహ్నానికి 6 చదరపు మిల్లీమీటర్ల చుట్ట తెచ్చాడు. పాత పంపే మళ్లీ బిగించాను. కొత్తది డబ్బా విప్పకుండా స్పేరుగా క్యాబిన్‌లో ఉంది.