పెద్ద పండక్కి రాలేనివాళ్ళకి డబ్బా కట్టడం

సిక్కోలు (శ్రీకాకుళం) వైపైనా విజయనగరం వైపైనా పెద్ద పండగంటే సంక్రాంతే. అయినా ఏ వీధిలో చూసినా రాలేనివాళ్ళు ఉండనే ఉంటారు. గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటెక్కినవాళ్ళకి జనవరి వేట రోజులు. చెన్నైలో సెంట్రింగ్ పని సగంలో ఉంటే మేస్త్రీ కదలనివ్వడు. హైదరాబాద్ వాళ్ళకి టికెట్ దొరకదు. వీళ్ళకి ఇంటి పండగ వెళ్ళేది డబ్బాలోనే. అది చెడకుండా చేరాలంటే మా మాట ఒకటే: అరిసెలు ఇంట్లో తినండి, పాకుండలు పంపండి.

రెండిటికీ చలిమిడి ఒకటే. కానీ అరిసె పల్చన, బండి కుదుపులకి అంచులు విరిగి సగం పొడుమవుతుంది. పాకుండ గుండ్రంగా ఉంటుంది, పైన గట్టి పెచ్చు కట్టి లోపల మెత్తగా నిలుస్తుంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, రెండు మూడుసార్లు నీళ్ళు మార్చాలి. మార్చకపోతే పులుపు వాసన పడుతుంది, పాకంలో వేసినా పోదు. వంచి, గుడ్డ మీద ఆరబోసి, గుప్పెట పట్టి వదిలితే అరచేతికి తడి అంటుతున్నప్పుడే మిల్లుకి పట్టుకెళ్ళాలి. అక్కడ మీ ముందు కారమో పసుపో ఆడి ఉంటే ఇంకొకరి బియ్యం పోయేదాకా ఆగండి, మొహమాటపడకండి. పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పండి. పిండి ఆరిపోతే పాకాన్ని పీల్చేసుకుని పాకుండలు రాళ్ళలా అవుతాయి. కొట్లో పొడి వరిపిండి దీనికి పనికిరాదు.

బెల్లం మునిగీ మునగనట్టు గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూడండి. వేళ్ళతో దగ్గరకి లాగితే మెత్తని ఉండ కడితే అది అరిసెల పాకం. ఆ ఉండ ఇంకాస్త నిలబడి, నొక్కితేనే అణిగితే పాకుండలకి సరి. పళ్ళేనికి కొడితే టంగుమందంటే దాటిపోయినట్టే. దించేసి, ఒకరు పిండి వేస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. తెడ్డు నుంచి జారుతున్నప్పుడే పిండి ఆపేయండి, చల్లారితే అదే బిగుస్తుంది. రెండు చెంచాల నెయ్యి, ఏలకుల పొడి, నువ్వులు, నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు కలపాలి. పార్సిల్‌కైతే ఎండుకొబ్బరే. పచ్చికొబ్బరి వేస్తే డబ్బా చేరేలోగా లోపల వాసనొస్తుంది.

ముందు ఒక్క ఉండ నూనెలో వేసి చూడండి. విచ్చిపోతే పాకం లేతన్నమాట. పిడికెడు బెల్లం కొంచెం ముదురు పాకం పట్టి, కాస్త పిండితో కలిపి చలిమిడిలో మర్దించాలి. సన్న సెగ మీద ఎర్రగా వేగనివ్వండి. మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది, ముందు బూజు పట్టేది అవే.

వేడి తగ్గిందని అప్పుడే మూత పెట్టకండి. రాత్రంతా చేటలో కాగితం మీద ఆరాలి. వెచ్చగా కడితే మూత లోపల చెమ్మ పట్టి, ఆ నీటి చుక్క పడ్డచోటే బూజు మొదలవుతుంది. డబ్బాలో ఖాళీ ఉంచకూడదు, కొత్త తువ్వాలు మడిచి కుక్కండి. జంతికలు అదే డబ్బాలో వేస్తే మెత్తబడతాయి, వేరే కవరు కట్టండి.

కనుమ నాడు మినుము తినాలి. గారెలు పార్సిలెక్కవు కాబట్టి సున్నుండలు పెట్టండి. అర కిలో మినప్పప్పు దోరగా వేయించి ఆడిస్తే పావు కిలో నెయ్యి పడుతుంది. నెయ్యికి వెనకాడితే అక్కడ విప్పేసరికి ఉండలు విడిపోయి పొడే మిగులుతుంది. కనుమ మాంసానికి మాత్రం ఫోన్‌పే కొట్టడమే.

బట్టల సంగతి చాలామందికి ఆఖర్న గుర్తొస్తుంది. కొత్త బట్టలు సంక్రాంతి నాడు పోయిన పెద్దలకి చూపించి కట్టుకోవాలి కదా, కానీ డబ్బా వారం ముందే వెళ్ళాలి. అందుకని కట్టే రోజే దీపం పెట్టి, పెద్దల పటం ముందు ఉంచి, మూలకి పసుపు రాసి పంపేవాళ్ళున్నారు. అదే నయం. బట్టలు పాలిథిన్ కవర్లో వేయండి, నూనె మరక పడితే వదలదు.

హైదరాబాద్, చెన్నైలకి జనవరి 5 లోపు వేసేయండి. ఆ తర్వాత పండగ సరుకుతో ఆర్టీసీ పార్సిల్ కౌంటర్లూ కొరియర్లూ నిండిపోతాయి. వెరావల్‌కైతే డిసెంబరు ఆఖరుకే, ఊరివాళ్ళెవరైనా వెళ్తుంటే వాళ్ళ చేతికే. మిల్లు దగ్గరా అప్పుడు రద్దీ ఉండదు.

డబ్బా మీద పేరూ ఫోన్ నంబరూ రాసి, లోపల ఒక చీటీ వేయండి: సున్నుండలు ఆగుతాయి, పాకుండలు ముందు తినాలి, తడి చెయ్యి పెట్టకూడదు, గట్టిపడితే అన్నం వార్చాక గిన్నె మూత మీద కాసేపు పెడితే మెత్తబడతాయి.