నల్లగొండలో అయిదంతస్తుల పంచాయితీ

డిసెంబర్ సెలవులల్ల నల్లగొండ పోయొచ్చినం. గుట్ట ఎక్కుదాం, పానగల్లు గుళ్లు చూద్దాం అని పేరు పెట్టుకున్నం గానీ అసలు కథ వేరే. మా మామయ్య వాళ్ల పాత ఇల్లు ఎనిమిది వందల గజాలు, దాన్ని అపార్ట్‌మెంట్ కట్టనీకి బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇయ్యాల్నా వద్దా అని ఇంట్లో ఎన్ని నెలల సంది లొల్లి నడుస్తుందో, నన్ను నడుమ మనిషిగా పిలిచిన్రు. అడ్డంగా ఇరుక్కునుడు అంటే ఇదే.

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌ల బస్సెక్కితే ఎల్బీనగర్ దాటేసరికే సగం ఓపిక అయిపోయింది. హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల దాకా రోడ్డుకి రెండు దిక్కులా వెంచర్ల హోర్డింగులే, పొలంల నాటిన సున్నం రాళ్లు, ఒక ఆర్చి, ఆర్చి ఎనక ఏం లేదు. మా బావ, అంటే మామయ్య కొడుకు, హైదరాబాద్‌ల కోకాపేట దిక్కు సైట్ ఇంజనీరు, పక్క సీట్ల కూసోని ఒకటే క్లాసు పీకుడు. ఊరు ఇట్ల అడ్డంగ పాకుకుంట పోతే వరి పొలాలు ఏం గావాలె, పైకి కట్టాలె పైకి అని. ఆయన మాట తీసేసేదేం కాదు, కాకపోతే ఎకరం వంద కోట్లు పలికిన జాగల (2023 వేలంల నిజంగనే పలికింది) పనిచేసేటోడికి ప్రపంచమంతా కోకాపేట లెక్కనే కనపడ్తది.

నార్కట్‌పల్లి కాడ విజయవాడ రోడ్డు వదిలి కుడికి తిరిగినంక కొంచెం సేపటికి గుట్టలు కనపడ్తయి. నల్లగొండ రెండు గుట్టల నడుమ కూసున్న ఊరు, ఒక దిక్కు కాపురాల గుట్ట, ఇంకో దిక్కు లతీఫ్ సాబ్ గుట్ట. తెల్లారి లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కినం. మెట్లున్నయి కాబట్టి భయం లేదు గానీ మోకాళ్లు గుర్తు చేస్తయి. పైన దర్గా కాడ గాలి మంచిగుండె, కింద ఊరంతా పరిచినట్టు కనపడ్తది. అక్కడ చూసిందే నాకు ఈ ట్రిప్ మొత్తంల బాగా గుర్తుండిపోయింది. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ, ఎవరో దారం కట్టి కట్ చేసినట్టు, ఒక్కటే ఎత్తు. పైన నల్ల ట్యాంకులు, అంతే.

ఎందుకట్ల అంటే బావ చెప్పిండు. 2012 బిల్డింగ్ రూల్స్, అదే అందరు జీవో 168 అంటరు గదా, అందుల 18 మీటర్లకి చేరితే హైరైజ్, అంటే ఎత్తు బిల్డింగు కింద లెక్క. ఇండ్లకైతే ఫైర్ వాళ్ల అనుమతి కాయితం (ఎన్‌వోసీ) గూడ ఆ 18 కాడి నుంచే. అందుకని కింద గోడల్లేకుండ స్తంభాల నడుమ పార్కింగ్, అదే స్టిల్ట్, పైన అయిదంతస్తులు, అక్కడికి ఆపేస్తరు. జాతీయ భవన కోడ్ల (2016ది) మాత్రం 15 మీటర్లకే హైరైజ్ అంటది, మనదాంట్ల 18. నడుమల ఆ మూడు మీటర్లల్నే మన జిల్లా పట్నాల రియల్ ఎస్టేట్ అంతా బతుకుతుందని నాకైతే అనిపించింది.

"మరి హైదరాబాద్‌ల యాభై అంతస్తులెట్ల?" అని మామయ్య అడిగిండు. ఆయన సగం మెట్ల కాడ ఆగి ఆగి మా ఎనక వచ్చిండు, రిటైర్డ్ సారు, అడుగుడు మానడు. బావ చెప్పిండు, ముంబైల జాగని బట్టి మొత్తం ఇంతే కట్టాలె అని ఎఫ్ఎస్ఐ లిమిట్ ఉంటది, మన దగ్గర 2006ల జీవో 86 తోని ఆ లిమిట్ తీసేసిన్రు. ఇక ఎత్తుని ఆపేది ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగ (సెట్‌బ్యాక్), ఇవే. తర్వాత సవరణలు చానా వచ్చినయి గానీ 2012 టేబుల్ ప్రకారం 21 మీటర్ల బిల్డింగుకే నలభై ఫీట్ల రోడ్డు ఉండాలె, నాలుగు దిక్కులా 7 మీటర్లు వదలాలె. మామయ్య జాగ అరవై బై నూట ఇరవై. రెండు పక్కలా ఇరవై మూడేసి ఫీట్లు వదిలితే మిగిలేది పద్నాలుగు ఫీట్లు. "ఇంకేం, పొడుగు వరండా కట్టుకుందాం" అన్నడు మామయ్య. బావ నవ్వలే.

ఇంటికొచ్చినంక టేపు తీసిన్రు. బిల్డర్ ఇచ్చిన కాయితంల ముప్పై ఫీట్ల రోడ్డు అని ఉంది. నేను ఒక కొస పట్టుకున్న, బావ ఇంకో కొస, నడుమల నుంచి పాల బండాయన టేపు మీదికెళ్లి పోయిండు. గోడ నుంచి గోడకి ముప్పై ఉన్నమాట నిజమే. అందుల రెండు దిక్కులా మోరీలు, ఎదురింటోళ్ల ర్యాంపు నాలుగు ఫీట్లు బయటికి, మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాని పక్కన ఎవరిదో కారు కవరేసి పెట్టిండు. బండి పోయే జాగ కొలిస్తే పద్దెనిమిది కూడా లేదు. హైదరాబాద్ ఫైర్ వాళ్ల దగ్గర 54 మీటర్లు లేచే నిచ్చెన బండి ఉందట, ఎంత లేస్తే ఏంది, అసలు గల్లీలకి మళ్లాలె గదా! ఆ మూల మీద వాటర్ ట్యాంకరే రెండు మూడు సార్లు ఎనకా ముందూ ఆడ్తది.

అత్తమ్మకి మాత్రం నీళ్ల రంధి. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నయి కాబట్టి నడుస్తుంది, ఇరవై ఫ్లాట్లు అయినంక ఆ నల్లా సరిపోతదా, మళ్ల బోరేస్తరు, మళ్ల ఫ్లోరైడ్ నీళ్లు, మా తరం పండ్లు చూసినవా అని పెదవి లేపి చూపెట్టింది. నల్లగొండోళ్ల ముందట బోరు అనే మాట తేలిగ్గ అనొద్దు.

మధ్యాహ్నం పానగల్లు పోయినం. ఉదయ సముద్రం కట్ట పక్కకెళ్లి పోతే ఛాయా సోమేశ్వరాలయం, కందూరు చోళుల కాలంది, మూడు గర్భగుళ్లు. లింగం ఎనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండ ఉంటది. చుట్టుపక్కల స్తంభాల నడుమ నుంచి వచ్చే వెలుతురు చెదిరి, ఏ ఒక్క స్తంభందో చెప్పరాకుండ నీడ పడ్తదంట, సూర్యుడు ఎటు పోయినా అది అక్కడే. మామయ్య చానా సేపు నిలబడి చూసి "మన ఉత్తరం పక్కింటోళ్లకి మనం గూడ ఇట్లనే చేస్తం" అన్నడు. నాకు ఆ మాట పట్టుకుంది, ఫోన్ తీసి లెక్కేసిన. నల్లగొండ అక్షాంశం 17 డిగ్రీలు, డిసెంబర్ ఆఖర్ల నడిపొద్దున గూడ సూర్యుడు యాభై డిగ్రీల లోపే ఎక్కుతడు. స్టిల్ట్‌తో కలిపి పదిహేడున్నర మీటర్లు కడితే నీడ ఉత్తరానికి దగ్గర దగ్గర 15 మీటర్లు, అంటే పక్కింటోళ్ల వాకిలి, మిద్దె మీద మిరపకాయలు, సోలార్ ప్లేట్లు అన్నీ గాయబ్. మే నెలల నీడ గావాల్సినప్పుడేమో సూర్యుడు నెత్తి మీదికొస్తడు, అప్పుడు గింతంత గూడ ఉండది.

పచ్చల సోమేశ్వరం కూడ చూసినం, శిల్పాలు బాగున్నయి, పోతే టైం పెట్టుకొని పోండి.

నా మాటేందంటే ఎత్తు తప్పు కాదు. హైదరాబాద్ రోడ్డు మీదనో బైపాస్ మీదనో వెడల్పు జాగల పది అంతస్తులు వేస్తే ఎవలకేం ఇబ్బంది లేదు, పొలాలు గూడ కొన్ని మిగుల్తయి, బావ మాట అక్కడ కరెక్టే. గల్లీలల్ల కట్టే అయిదంతస్తులే ఊరు గొంతు పట్టుకుంటయి, పైగా అవి రూల్ లోపలే ఉంటయి, ఎవ్వరు అడగరు. ఓసీ, అంటే కట్టుడు అయినంక ఉండనీకి ఇచ్చే సర్టిఫికెట్, వచ్చినంక స్టిల్ట్‌ల షట్టర్లు దింపి కిరాణం, జిరాక్స్ పెడ్తరు, కార్లు రోడ్డు మీదికొస్తయి. టవర్ వస్తుందంటే ధర్నా చేస్తం, దీన్ని మాత్రం చూసీ చూడనట్టు పోతం.

రాత్రి బిల్డర్ వచ్చిండు. స్టిల్ట్ ప్లస్ త్రీ అయితే సంతకం పెడ్త, స్టిల్ట్‌ల గోడలు లేపనని రాసియ్యాలె అన్నడు మామయ్య. "త్రీ అయితే నాకు గిట్టది సార్" అని ఛాయ్ తాగి లేచి పోయిండు ఆయన. బావ బాపుతోని సరిగ్గ మాట్లాడ్తలేడు, నాకు మాత్రం రోజూ ఫోన్ చేస్తుండు, మాస్టర్ ప్లాన్‌ల మా గల్లీ నలభై ఫీట్లకి పెంచిన్రేమో కనుక్కోవా అని.